డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

మన దేశములోని అనేక పాఠశాలలలో పెద్ద తరగతుల విద్యార్థులకు వారమునకొకసారి ఒక నీలిరంగు మాత్ర ఇచ్చుచున్నారు. ముఖము చిట్లించుకొని మ్రింగువారు కొందరు. ఉపాధ్యాయుడు అటు తిరుగగనే కిటికీలోనుండి పారవేయువారు మరికొందరు. ఆ మాత్రలో రెండు వస్తువులున్నవి. ఒకటి ఇనుము, దాని సంగతి అందరికిని తెలియును. రెండవది ఫోలిక్ ఆమ్లము. దీనిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును కనుగొనిన బృందమునకు నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పినవాడు. తన సోదరులనిద్దరిని బలిగొనిన వ్యాధికి మందు చూపినవాడు. పిమ్మట ఆ మందునే కొంచెము మార్చి, దాని పనిని అడ్డగించు మరియొక మందు పుట్టుటకు కారకుడైనవాడు. మొదటిది శరీరమునకు కావలసినదానిని ఇచ్చునది. రెండవది దానిని ఆపునది. రెండును ఒకే ప్రయోగశాలలో, రెండు మూడు సంవత్సరముల ఎడములో వెలువడినవి. అది ఎట్లు జరిగెనో తెలియవలెనన్న ఆయన జీవితమును మొదటినుండియు చూడవలెను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యమువలన ఆయన ఉద్యోగమును ముందుగనే విడువవలసివచ్చెను. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. తల్లి వెంకమ్మ మాత్రము గట్టి మనస్సు గల ఇల్లాలు. పదమూడవ యేట సుబ్బారావు ఇల్లు విడిచి కాశికి పారిపోవ యత్నించెను. అక్కడ యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము కూడబెట్టవలెనని అతని ఊహ. పెద్దలు వెదకి పట్టి తెచ్చిరి. తల్లి అతనిని మరల బడిలో కూర్చుండబెట్టెను. ఆ చదువుకొరకు ఆమె తన బంగారమును అమ్ముకొనెనని చెప్పుదురు.

రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, అతడు చెన్నపట్టణము చేరెను. తెలుగు బాలుడు చెన్నపట్టణమున చదువుకొనుట ఆనాడు వింత కాదు. కోస్తా జిల్లాలన్నియు ఆ రాజధానిలోనివే. తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను ముగించెను. అటుపిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివెను. ఈ దినములలోనే అతని మనస్సు రామకృష్ణ మఠము వైపు మరలెను. సన్న్యాసము స్వీకరింపవలెనని కోరెను. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనరు, తల్లి అంగీకరింపలేదు. సన్న్యాసి కాకున్నను వైద్యుడై రోగులకు సేవచేయవచ్చునని తలచి, మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. స్నేహితులును, అనపర్తి నివాసియగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ఆ చదువునకు సాయపడిరి. 1919వ సంవత్సరమున ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడెను.

వైద్య కళాశాలలో ఆయనకు ఒక చిక్కు వచ్చినది. గాంధీమహాత్ముడు విదేశ వస్త్రములను విడువుమని పిలుపునిచ్చిన కాలమది. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో ధరించు దుస్తులను సయితము ఖద్దరుతో కుట్టించుకొనెను. ఆంగ్లేయుడగు శస్త్రవైద్య ఆచార్యునకు ఇది కంటగింపాయెను. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను, ఆయనకు పూర్తి ఎం.బి.బి.యస్. పట్టము దక్కలేదు, అంతకంటె తక్కువదియగు ఎల్.ఎం.యస్. మాత్రమే దొరకెను. దీనివలన ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగమునకు దారి మూసికొనిపోయెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి, ఇద్దరును కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచేత మరణించిరి. ఉష్ణదేశములలో వచ్చు ఈ రోగము మనవారు గ్రహణి అనుదానికి దగ్గరిది. ప్రేగుల లోపలి పొర చెడి, తిన్న ఆహారములోని సారమును పీల్చుకొనజాలదు. విరేచనములు ఆగవు, నాలుక పుండువలె నగును, మనిషి చిక్కి, రక్తము పలుచబడి, తెల్లగా పాలిపోవును. సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత ఆయన బ్రతికి బయటపడెను. ఆ వ్యాధిగ్రస్తుని శరీరమున ఏ పదార్థము కొరవడుచున్నదో ఆనాడు ప్రపంచములో ఎవ్వరికిని తెలియదు. తరువాత ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించెను. ఇంగ్లీషు వైద్యము చదివినవాడు ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పుట చిన్నతనమని ఆయన తలచినట్లు కనబడదు. రెండు వైద్యములలో దేనికిని తెలియని దానిని కనుగొనవలెనన్న తపన మాత్రము ఆయనను నిలువనీయలేదు.

అమెరికాలో పరిశోధన చేయవలెనని నిశ్చయించుకొనెను. డబ్బు ఎక్కడిది? మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి కొంత సాయము చేయ నొప్పుకొనెను. ఈ సత్యలింగ నాయకరుగారు యానాముకు చేరువనున్న కోరంగి ప్రాంతమువారు. బర్మాకు పోయి వర్తకమున ధనమార్జించి, దానిని విద్యకును ధర్మమునకును విడిచిపెట్టిన దాత. పొరుగు దేశమునకు పోయి సంపాదించిన ఒక తెలుగువాని సొమ్ము, మరియొక తెలుగువానిని మరింత దూరదేశమునకు పంపెనన్నమాట. 1923వ సంవత్సరమున సుబ్బారావు బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలలో చేరెను. ఇంటివద్ద భార్య అప్పటికి గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకమునుపే మరణించెను. ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడలేదు.

బోస్టనులో ఆయన జీవనము కటికదరిద్రము. ఆయన వైద్యపట్టమునకు ఆ దేశమున విలువ లేదు. కనుక ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపనికి కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను కడిగి, పగలు చదివెను. 1924లో డిప్లొమా చేతికి వచ్చినది. అనంతరము జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునివద్ద చేరెను. 1925లో ఆ ఇద్దరును రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత కలదో తేల్చు పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవములో కొన్ని రసాయనములు చేర్చినయెడల నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. ఫిస్క్, సుబ్బారావుల పద్ధతి అను పేరుతో దీనిని జీవరసాయన విద్యార్థులు నేటికిని నేర్చుకొనుచున్నారు.

ఈ కొలతగిన్నె చేతికి వచ్చినపిదప వారు కండరములలోని భాస్వరమును వెదకసాగిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము దొరకెను. కండ ముడుచుకొనునపుడు ఇది వ్యయమై, విశ్రాంతి పొందునపుడు మరల నిండును. అమైనో ఆమ్లముల కథ ఇక్కడనే ఒకసారి తొంగిచూచుచున్నది; ఏలయన క్రియాటిన్ అనునది గ్లైసీన్, ఆర్జినీన్, మెథియోనీన్ అను మూడు అమైనో ఆమ్లములనుండి మన శరీరము కట్టుకొను పదార్థము. 1929లో ఏ.టి.పి. అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దానిని వేరుగా కనుగొనెను. జీవకణములన్నిటికిని శక్తినిచ్చు నాణెము ఇదియేయని నేడు తొమ్మిదవ తరగతి పిల్లవాడును చెప్పగలడు. 1930లో సుబ్బారావునకు డాక్టరేటు వచ్చెను. అయినను విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమైన ఉద్యోగమీయలేదు. ఆయన కనుగొనిన విషయములు కొన్ని ప్రకటింపబడకయే మూలబడెననియు, వానిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆనాటి సహపరిశోధకుడును, పిమ్మట నోబెల్ బహుమానము పొందినవాడును అగు జార్జి హిచింగ్స్ చెప్పియున్నాడు. తన హక్కునకై పోరాడుట సుబ్బారావు స్వభావము కాదు. దీనిని కొందరు వినయమని మెచ్చుకొందురు. నా మట్టుకు నాకది నష్టముగనే తోచుచున్నది. నష్టము ఆయనకొక్కనికే కాదు.

బోస్టనులో 1926లో ఒక గొప్ప విషయము బయటపడియుండెను. మైనాట్, మర్ఫీ అను వైద్యులు, ప్రాణాంతకమైన ఒక రక్తహీనతతో తీసుకొనుచున్న రోగులకు కాలేయమును మాంసముగ తినిపించి బ్రతికించిరి. కాలేయములోని ఏ పదార్థము ఈ పని చేయుచున్నదో ఎవరికిని తెలియదు. మరియొక వైపు మన బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించుచుండెను. ఆ స్త్రీలకు ఈస్టు సారమును తినిపింపగా వారు కోలుకొనిరి. 1931లో ఆమె దీనిని ప్రకటించెను. కాలేయములో ఒకటి, ఈస్టులో ఒకటి, ఏదియో ఉన్నది; దాని పేరు, రూపు తెలియవు. స్ప్రూ రోగి రక్తము పలుచనగుటను కన్నులార చూచిన సుబ్బారావునకు ఈ వెదకులాట ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలోనున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయెను. కొలదికాలమునకే అక్కడి పరిశోధనలన్నిటికిని అధిపతి యయ్యెను. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి చిటికెడు పదార్థమును తీసి, ఆకునకు లాటిను భాషలోనున్న పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసియుండిరి. చిటికెడు పదార్థముతో వైద్యము జరుగదు. దానిని రసాయనముగ కట్టవలెను. లెడర్లీ బృందము పాలను పులియబెట్టు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవిని తమకు సాక్షిగ పెట్టుకొనెను. ఫోలిక్ ఆమ్లము లేనిదే ఆ జీవి పెరుగదు. కావున ఏ సారములో అది ఏపుగా పెరిగినదో, ఆ సారములో ఫోలిక్ ఆమ్లము ఉన్నట్లు. ఇట్లు మెట్టుమెట్టుగా శోధించి, 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసితిమని ప్రకటించెను. మరుసటి సంవత్సరము దాని నిర్మాణమును విప్పిచెప్పెను. దాని దేహములో మూడు ముక్కలున్నవి. మూడవ ముక్క గ్లుటామిక్ ఆమ్లము, అనగా ఒక అమైనో ఆమ్లము.

ఆ సంవత్సరమే అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ ఆ మందును స్ప్రూ రోగులకును రక్తహీనులకును ఇచ్చెను. పాలిపోయినవారు కొన్ని దినములలోనే లేచి కూర్చుండిరి. సోదరులు పోయిన పాతికేండ్లకు పైగా గడచిన తరువాత వచ్చిన ఫలమది. ఒక మాట మాత్రము నిజాయితీగ చెప్పుకొనవలెను. సుబ్బారావు మొదట వెదకినది కాలేయములోని మరియొక పదార్థమును. ఆ ప్రాణాంతక రక్తహీనతను పూర్తిగ నయముచేయునది బి12 విటమిను అని 1948లో ఇతరులు తేల్చిరి. ఒకదానిని వెదకుచు మరియొకదానిని కనుగొనుట శాస్త్రములో తరచుగ జరుగునదే.

ఇప్పుడు కథ మలుపు తిరుగును. దానికి ముందు, ఫోలిక్ ఆమ్లము శరీరములో చేయు పని ఏమో తెలిసికొందము. కొంచెము ఓపికతో చదువుడు.

మనము తిను పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు మొదలగువానిలోని మాంసకృత్తులు ప్రేగులలో జీర్ణమై అమైనో ఆమ్లములుగా విడిపోవును. పాత ఇంటిని విప్పి ఇటుకలు వేరుచేసినట్లు. శరీరము ఆ ఇటుకలతో తనకు కావలసిన కొత్త గోడలు కట్టుకొనును. కాని అమైనో ఆమ్లములకు ఈ ఒక్కటే పని కాదు. ఉదాహరణకు సెరీన్ అనుదానిలో మూడు కర్బన పరమాణువులున్నవి. అందులో ఒక దానిని అది ఫోలిక్ ఆమ్లమునుండి వచ్చిన వాహకమునకు అప్పగించి, తాను రెండు కర్బనముల గ్లైసీన్‌గా మారును. ఆ వాహకము కావడి మోయువానివలె ఆ ఒక్క కర్బనమును మోసికొనిపోయి, కణములో డి.యన్.ఏ. ముడిసరకు తయారగుచోట దించును. ఆ ముడిసరకులో కొంత భాగమునకు గ్లైసీన్ తానే చేరును. గ్లుటమీన్, ఆస్పార్టిక్ ఆమ్లము నత్రజని నిచ్చును. అనగా అమైనో ఆమ్లములు సరకు, ఫోలిక్ ఆమ్లము కావడి. ఇక కావడివాడు కణములోనుండి జారిపోకుండ, కణము వానికి మరికొన్ని గ్లుటామిక్ ఆమ్లములను తోకవలె తగిలించి కట్టివేయును.

ఈ సరకు ఎక్కువగా ఎవరికి కావలెను? ఎడతెగక విభజన చెందు కణములకు. మూలుగలో ఎర్రకణములు ప్రతి క్షణము పుట్టవలెను. కనుక ఫోలిక్ ఆమ్లము కొరవడినపుడు మొదట రక్తము చెడును. తెల్లకణముల సంగతి మరియు విచిత్రము. శరీరమును కాపాడు లింఫ్ కణములు సామాన్యముగ నిదురించుచున్నట్లుండును. తమకు సరిపడు క్రిమి ప్రవేశింపగనే మేల్కొని, ఒకటి రెండై, రెండు నాలుగై, కొద్ది దినములలో వేలకు పెరుగును. అంత వేగముగ పెరుగుటకు అవి అమైనో ఆమ్లములను ఆబగా లోనికి తీసికొనును. సరకు అందినచో సేన పెరుగును, అందనిచో ఆగును. రోగనిరోధక శక్తి అనునది మంత్రము కాదు, వంటశాలపై ఆధారపడిన సేన. ఆ వంటశాలకు రెండువైపుల తాళము పెట్టవచ్చునని చూపినది లెడర్లీ ప్రయోగశాలయే.

బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. ల్యుకీమియా అను రక్తపు కేన్సరులో తెల్లకణములు పక్వము కాకయే హద్దు లేక పెరుగును. ఆ రోజులలో ఆ వ్యాధి వచ్చిన బిడ్డ కొన్ని వారములలోనో, నెలలలోనో మరణించుటయే గాని బ్రతుకుట లేదు. ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేయుచున్నది గదా యని, దానికి సంబంధించిన మందులను ఫార్బరు ఆ పిల్లలకిచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు బదులు వేగము హెచ్చినట్లు మూలుగను పరీక్షింపగా కనబడెను. ఆ మాట తలచుకొన్న నేటికిని మనస్సు కలుక్కుమనును. కాని ఆ అపాయమునుండియే ఉపాయము తోచెను. ఇచ్చిన పెరుగుచున్నదన్న, ఆపిన తగ్గవలెను. అచ్చముగ ఫోలిక్ ఆమ్లమువలె కనబడుచు, దాని పని చేయని పదార్థము కావలెను. సుబ్బారావు బృందములోని రసాయనికులు అట్టివానిని చేసి పంపిరి. వానిలో ఒకటి అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లమునందు ఒక మూలనున్న చిన్న గుంపును తీసి, దానికి బదులు అమైనో గుంపును పెట్టిరి, మార్పు అంతే. తాళములో దూరును గాని తిరుగదు, అసలు తాళపుచెవిని దూరనీయదు. కావడి కట్టు ఎంజైమే దీనికి చిక్కి నిలిచిపోవునని పదేండ్ల తరువాత గాని స్పష్టము కాలేదు.

1947 డిసెంబరులో ఫార్బరు దానిని వాడ మొదలిడెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసములో, మందు పుచ్చుకొనిన పదహారుగురు పిల్లలలో పదిమందికి గుణము కనబడెనని ఉన్నది. లేవలేని బిడ్డలు లేచి ఆడుకొనిరి. ఆ గుణము కొన్ని నెలలు మాత్రమే నిలిచెను; వ్యాధి తిరిగి వచ్చెను. అయినను ల్యుకీమియా ఒక మందునకు లొంగుట ప్రపంచము చూచుట అదే మొదలు. అమినోప్టెరిన్‌ను ఇంకొంచెము మార్చి లెడర్లీవారు చేసిన మెథొట్రెక్సేట్ అను మందు దానికంటె మేలైనదని తేలి, కాలక్రమమున దాని స్థానమును ఆక్రమించెను.

ఆ సంవత్సరములలో సుబ్బారావు కార్యములు ఇంతటితో ముగియలేదు. బోదకాలు వ్యాధిని కలిగించు పురుగులపై పనిచేయు హెట్రజాన్ 1947లో ఆయన ప్రయోగశాలనుండియే వచ్చినది. గోదావరి మండలమువారికి బోదకాలు అననేమో వేరుగ చెప్పనక్కరలేదు. డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని చేర్చుకొని, నానా ప్రదేశముల మట్టిని పరీక్షింపజేసి, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి బంగారు వన్నె గల ఆరియోమైసిన్ అను మందును తీయించిరి. టెట్రాసైక్లిన్ కుటుంబములో అదియే మొదటిది. 1948 జూలైలో దానిని శాస్త్రజ్ఞుల సభ యెదుట పెట్టిరి.

మరుసటి నెల, ఆగస్టు 8వ తేదీ రాత్రి, సుబ్బారావు తన గదిలో పండుకొనెను. తెల్లవారి లేవలేదు. గుండె ఆగిపోయినది. వయస్సు 53 సంవత్సరములు.

ఇంటిని విడిచి ఇరువదియైదేండ్లు కావచ్చినను ఆయన ఒక్కసారియైనను స్వదేశమునకు రాలేదు. స్వతంత్ర భారతమును చూడలేదు. భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు వీలు 1946లో కలిగినను దానిని కోరలేదు. భార్య శేషగిరమ్మగారు భర్త తిరిగివచ్చునని ఎదురుచూచుచు జీవించినది. ఆయన గొప్పతనమును వ్రాయువారు ఈ విషయమును ఒక్క వాక్యములో దాటిపోవుచుందురు. చదువు ముగిసిన పిదప వచ్చెదనని చెప్పి వెళ్ళిన మనిషి, పని పైన పని పెరిగి రాలేకపోయెననుట నిజమే. ఇంటిలో ఒక స్త్రీ తన జీవితమునంతయు ఆ పనికి చెల్లించెననుటయు నిజమే. పెర్ల్ రివర్ మందులలో ఆమెకును పాలు కలదని నేననుకొందును.

ఆయన పేరును ఒక శిలీంధ్రమునకు 1953లో పెట్టిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో మన ప్రభుత్వము తపాలా బిళ్ళను వెలువరించెను. నోబెల్ బహుమానము ఆయన దరికి రాలేదు.

ఆయన పోయిన తరువాత మందులు తమ దారిని తాము నడచినవి. 1951లో గబ్నర్ అను అమెరికా వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాత రోగులకు ఇచ్చి చూడగా వాపులు తగ్గినవి. ఈ కీళ్ళవాతము వయస్సుతో వచ్చు అరుగుదల కాదు. శరీరమును కాపాడవలసిన తెల్లకణములే దారితప్పి సొంత కీళ్ళపై దాడిచేయు జబ్బు. ఆ కాలమున కార్టిసోన్ ప్రభ వెలుగుచుండుటచే గబ్నర్ మాటను పట్టించుకొనినవారు తక్కువ. 1980వ దశకపు పరీక్షల పిదప, 1988లో అమెరికాలో మెథొట్రెక్సేట్‌ను కీళ్ళవాతమునకు అనుమతించిరి. నేడు ఆ వ్యాధికి వైద్యులు సాధారణముగ మొదట వ్రాయు మందు ఇదియే. కేన్సరునకు ఇచ్చుదానిలో స్వల్పభాగము చాలును. ఇంత తక్కువ మోతాదులో అది కణముల పెరుగుదలను ఆపుటయే గాక, అడినోసిన్ అను పదార్థము కణములనుండి వెలువడునట్లు చేయుననియు, ఆ అడినోసిన్ తెల్లకణముల ఆవేశమును చల్లార్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

వంటశాలకు తాళము పెట్టు ఉపాయములు శరీరమునకును తెలియునని తరువాత తేలినది. తల్లి గర్భములోని శిశువు సగము తండ్రి పోలికది గనుక తల్లి తెల్లకణములకు పరాయిది. అయినను అవి శిశువును కొట్టవు. గర్భము దాల్చిన ఎలుకలలో, ట్రిప్టొఫాన్ అను అమైనో ఆమ్లమును మావి దగ్గర ఒక ఎంజైము విరిచివేయుటచే అక్కడి లింఫ్ కణములు పెరుగజాలకున్నవని 1998లో అమెరికాలోని మన్, మెల్లర్ అనువారు చూపిరి. గినీపంది రక్తరసము ఎలుకలలో ఒక విధమైన లింఫ్ కణముల కేన్సరును కరగించుచున్నదని 1953లో కనుగొనగా, అందులోని ఒక ఎంజైము ఆస్పరజీన్ అను అమైనో ఆమ్లమును తుడిచివేయుటయే కారణమని తరువాత తేలెను. నేడు పిల్లల ల్యుకీమియాకు ఇచ్చు మందులలో ఆ ఎంజైమును, సుబ్బారావు బృందమునుండి వచ్చిన మెథొట్రెక్సేట్‌ను, ఇతర మందులతోపాటు చేరియున్నవి. ధనిక దేశములలో ఇట్టి పిల్లలలో పదింట తొమ్మండుగురు బ్రతుకుచున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఇంటిలో పెద్దవారెవరైన కీళ్ళవాతమునకు మెథొట్రెక్సేట్ వాడుచున్నయెడల, వైద్యుడు వ్రాసిన చీటీని జాగ్రత్తగ చూడుడు. అది వారమునకు ఒక్కదినము మాత్రమే పుచ్చుకొనవలసినది. ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణీ స్త్రీలు దానిని తాకరాదు. ఆ చీటీలోనే సాధారణముగ మరియొక మాత్ర కూడ ఉండును. మెథొట్రెక్సేట్ వేసికొనని దినమున, నోటిపూత మొదలగు బాధలు కలుగకుండుటకై, దానిని పుచ్చుకొనుమని వ్రాయుదురు. ఆ రెండవ మాత్ర ఫోలిక్ ఆమ్లము.